సూదులు, ఊలు, చేతిపని వెల
(నర్సీపట్నము స్త్రీల సమాజ కూటమిలో ఒక పాస్టరు గారు చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సంవత్సరములో ప్రతి సంఘము ఏదో ఒక చేతిపని చేపట్టవలెనని అనుకొన్నప్పుడు మన స్త్రీల సమాజము వారు ఊలు అల్లికను ఎన్నుకొన్నారు. ఈ సంగతి చెప్పగానే పొరుగు సంఘపు అయ్యగారొకరు నవ్వినారు. "మే నెలలో మీ ఊరిలో ఒంటిమీద చొక్కాయే బరువు గదండీ, స్వెట్టర్లు ఎవరికి?" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. ముందు దానికి జవాబు చెప్పి, తరువాత సూదులు పట్టుకొందాము.

మన బస్టాండులో చింతపల్లి బస్సు ఎక్కితే సుమారు ముప్పై కిలోమీటర్లలో ఘాటు దాటి లంబసింగి చేరుతాము. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున అక్కడి చలి 0 డిగ్రీల దగ్గరకు దిగిన రోజులు ఉన్నవి. ఆ ఊరికి కొర్రబయలు అని మరొక పేరు. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లవారేసరికి కొర్రులాగా బిగుసుకొనిపోతాడని ఆ పేరు వచ్చినదంటారు. 2022లో జిల్లాలు వేరై మనము అనకాపల్లి జిల్లావారము, వారు అల్లూరి సీతారామరాజు జిల్లావారు అయినారు గాని, చలికి ఈ సరిహద్దు తెలియదు. మంచు చూడ వచ్చే యాత్రికులు కోటు తొడుగుకొని వచ్చి, ఫోటో తీసుకొని, టీ త్రాగి దిగిపోతారు. ఆ రాత్రి ఆ కొండమీద పుట్టిన బిడ్డ యాత్రకు వచ్చినది కాదు.

అప్పుడే పుట్టిన బిడ్డకు ఒంటితో పోల్చితే తల పెద్దది. తడి తలనుండి వేడి త్వరగా పోతుంది. నెలలు నిండని బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు చర్మము క్రింద క్రొవ్వు ఉండదు గనుక మరీ ప్రమాదము. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరములో ఎడ్గార్ రే సనాబ్రియా అను డాక్టరు గారు, గాజుపెట్టెలు చాలక, ఇటువంటి బిడ్డలను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్లు తగిలేటట్లు కట్టి ఉంచే పద్ధతి ప్రారంభించినారు. దానినే కంగారూ సంరక్షణ అంటారు. పుట్టిన వెంటనే దీనిని మొదలుపెట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసినది. అక్కడ బిడ్డకు ఉండేవి లంగోటీ, మేజోళ్లు, తలకు ఒక టోపీ. అసలు వేడి తల్లి ఒళ్లే. టోపీ తోడు మాత్రమే. అయినా ఆ తోడు మన చేతిలో ఉన్నది. పొరుగు అయ్యగారి ప్రశ్నకు ఇదే నా జవాబు.

మరొక ప్రశ్న మీలో కొందరు నన్ను అడగలేదు గాని ముఖాలలో చదివినాను: మగవాడు, అందులోనూ పాస్టరు, సూదులు పట్టడమేమిటని. చింతపల్లి ప్రాంతములో పరిచర్య చేసిన రోజులలో ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సమ్మగారు నాకు ఇది నేర్పినారు. "అయ్యగారూ, చలికాలములో సాయంత్రము ఆరు తరువాత ఇక్కడ చేయడానికి ఏముంది, పట్టండి" అని రెండు సూదులు చేతిలో పెట్టినారు. చరిత్ర చూచినా మగవారు ఈ పనికి క్రొత్తవారు కారు. యూరపులో మేజోళ్లు అల్లి బ్రతికిన మగవారు ఎందరో. 1589లో మేజోళ్లు అల్లే యంత్రమును కనిపెట్టిన విలియమ్ లీ ఇంగ్లండులో పాదిరి అని చెబుతారు. పాదిరికీ అల్లికకూ సంబంధము లేదని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి.

ఇంకొక మాట కూడా మన ఎండ దేశస్థులు వినవలెను. ఇప్పటివరకు దొరికిన మిక్కిలి పాత అల్లిక ముక్కలు చలి దేశపువి కావు, ఐగుప్తువి. అవి అధికముగా నూలు మేజోళ్లు, నీలము తెలుపు రంగులలో. అంటే ఈ విద్య మొదట ప్రత్తి దారముతో వేడి దేశములోనే చక్కగా సాగినది. జర్మనీలోని హాంబుర్గు చిత్రశాలలో సుమారు 1400 నాటి ఒక బలిపీఠ చిత్రము కలదు, మాస్టర్ బెర్‌ట్రామ్ అను చిత్రకారునిది. అందులో మరియమ్మ కూర్చొని నాలుగు సూదులతో చిన్న అంగీకి మెడ అల్లుచున్నది. ప్రభువు అంగీకి కుట్టు లేదని యోహాను సువార్తలో చదువుతున్నాము గదా. సువార్త ప్రకారము అది నేసిన వస్త్రమే. చిత్రకారుడు మాత్రము తన ఊరి స్త్రీల చేతులు చూచి, కుట్టు లేకుండ రావాలంటే ఇదే మార్గము అనుకొన్నాడు కాబోలు. నాలుగు సూదులతో గుండ్రముగా అల్లితే నిజముగానే అతుకు ఉండదు. కాని మొదటి నెలలో మనకు రెండు సూదులు చాలును.

ఇక పని. అంగడిలో సూదులు కొనేటప్పుడు సంఖ్య చూడండి. మన దగ్గర పాత ఇంగ్లీషు లెక్క ఇంకా వాడుకలో ఉన్నది: సంఖ్య పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నెంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నెంబరు మూడుంబావు, 14వది 2. అమెరికా పుస్తకములలో లెక్క దీనికి తలక్రిందులు. అందుచేత నెంబరు నమ్మక మిల్లీమీటర్లు అడగండి.

కుట్లు రెండే. వాటిని నిట్టు, పర్లు అంటారు. నిట్టుకు ఊలు వెనుక ఉంచి, కుడి సూదిని కుట్టులోనికి ముందునుండి వెనుకకు దూర్చి, ఊలు చుట్టి, ముందుకు లాగవలెను. పర్లుకు ఊలు ముందు ఉంచి, సూదిని వెనుకనుండి ముందుకు దూర్చి, చుట్టి, వెనుకకు నెట్టవలెను. చాలమంది పర్లు వేరే విద్య అనుకొని భయపడతారు. నిట్టును వెనుకనుండి చూస్తే కనబడేదే పర్లు, దాని వీపు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఏ నమూనా చూచినా మీరే విప్పి చెప్పగలరు.

అన్ని వరుసలు నిట్టు వేస్తే రెండు ప్రక్కల గట్లుగట్లుగా వచ్చి అంచులు చదునుగా ఉంటాయి. ఒక వరుస నిట్టు, ఒక వరుస పర్లు వేస్తే ముందువైపు జడపాయలవలె నున్నగా వస్తుంది, కాని అంచులు చుట్టుకొనిపోతాయి. అది మీ తప్పు కాదు, ఆ అల్లిక స్వభావము. ఒకే వరుసలో రెండు నిట్టు, రెండు పర్లు వేసుకొంటూ పోయి, వెనుకకు వచ్చేటప్పుడు కనబడినదానిపై కనబడినట్టే వేస్తే సాగి మరల దగ్గరకు వచ్చే పట్టీ వస్తుంది. టోపీ అంచు, స్వెట్టరు మణికట్టు, నడుము పట్టీ అన్నీ ఇదే.

కుట్టు జారిపోయినదని ఏడ్చి అంతా ఊడదీసేవారిని చూచినాను. అవసరము లేదు. జారిన కుట్టు నిచ్చెనవలె క్రిందికి దిగుతుంది. మీ ఇంటిలో లేసు అల్లే కొక్కెపు సూది ఉంటుంది గదా, దానితో ఒక్కొక్క మెట్టు పైకి లాగి మరల సూదికి ఎక్కించండి. మన ప్రాంతపు స్త్రీల చేతిలో ఆ సూది ముందే ఉండుట గొప్ప వసతి.

అన్నిటికంటె ముఖ్యము బిగువు. ఎవరి చెయ్యి వారిది. ఒకరు గట్టిగా లాగుతారు, ఒకరు వదులుగా వేస్తారు. అందుకే ముందు పది సెంటీమీటర్ల నమూనా ముక్క అల్లి, నడుమ భాగములో కుట్లు లెక్కించండి. మధ్యరకము ఊలుకు 8వ నెంబరు సూదితో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావలెను. ఎక్కువ పడితే లావు సూది, తక్కువ పడితే సన్న సూది మార్చండి. చేతిని మార్చుకోవద్దు, అది రెండు వరుసల తరువాత మరల తన దారికి వస్తుంది. ఈ ముక్క అల్లే అరగంట వృథా అనుకొనేవారికి ఒక లెక్క: 72 కుట్ల టోపీ 22 బిగువులో సుమారు 33 సెంటీమీటర్ల చుట్టుకొలత వస్తుంది, అదే 26 బిగువులో 28 కూడా రాదు. నెలలు నిండిన బిడ్డ తల 34, 35 సెంటీమీటర్లు. మొదటిది సాగి సరిపోతుంది, రెండవది బిడ్డ నుదుటిమీద గీత పెడుతుంది.

టోపీ వరుస చెబుతాను, వ్రాసుకోండి. రెండు సూదులు కలిపి పట్టుకొని వాటిమీద వదులుగా 72 కుట్లు ఎక్కించి, ఒక సూది లాగివేయండి. రెండు నిట్టు రెండు పర్లుతో 4 సెంటీమీటర్ల పట్టీ. తరువాత ఒక వరుస నిట్టు, ఒక వరుస పర్లు, మొదటినుండి కొలిస్తే 10 సెంటీమీటర్లు వచ్చేవరకు. అప్పుడు తగ్గింపు: ఆరు నిట్టు వేసి, తరువాతి రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లండి, వరుస చివరివరకు ఇట్లే చేస్తే 63 మిగులుతాయి. తిరుగు వరుస అంతా పర్లు. తరువాత ఐదు వేసి రెండు కలపండి, 54. ఈ విధముగా నిట్టు వరుస వచ్చినప్పుడెల్లా తొమ్మిదేసి తగ్గించుకొంటూ 9 కుట్లు మిగిలినప్పుడు ఊలు పొడవుగా కత్తిరించి, పెద్ద కన్ను సూదితో వాటిలో దూర్చి బిగించి, ప్రక్క కుట్టుకొని రండి. బరువు తక్కువ బిడ్డకు 64 కుట్లు. తగ్గింపు అదే తీరు, ఎనిమిదేసి చొప్పున. యాభై గ్రాముల ఉండ ఒక టోపీకి ధారాళముగా సరిపోతుంది.

కొనలను ముడి వేయవద్దు, అల్లికలోనే దూర్చి దాచండి. బొత్తాములు, రిబ్బన్లు, పైన బంతి, ఇవి అందమే గాని పసిబిడ్డకు వద్దు. చేతితొడుగుల లోపల వ్రేలాడే దారము బిడ్డ వ్రేలికి చుట్టుకొంటే రక్తము ఆగిపోగలదు, గనుక అవి అసలు అల్లవద్దని నా మాట. ఇదే టోపీని మే నెలలో నర్సీపట్నములో బిడ్డకు పెట్టి ఉక్కబోతకు గురిచేయవద్దని కూడా చెప్పవలసి వస్తున్నది. మన అమ్మమ్మల ప్రేమకు ఋతువులు తెలియవు.

ఊలు ఏది కొనవలెను? అంగళ్లలో ఊలు అని అమ్మేది చాలవరకు ఆక్రిలిక్, అంటే నూనె గనులనుండి వచ్చే కృత్రిమ నార. తెలిసికొనే మార్గము సులభము. చిన్న పోగు వెలిగించండి. నిజమైన ఉన్ని వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ కరిగి గట్టి పూసవలె మిగులుతుంది. ఆక్రిలిక్ చవక, మాటిమాటికి ఉతికినా కుంచించుకొనిపోదు, పురుగు తినదు, గనుక ఆసుపత్రి టోపీకి మెత్తని ఆక్రిలిక్ మంచిదే. కాని కొండ ఇండ్లలో చలికి పిల్లలు పొయ్యి ప్రక్కన పడుకొంటారు. నిప్పు తగిలితే ఆక్రిలిక్ కరిగి ఒంటికి అంటుకొంటుంది, ఉన్ని అంత త్వరగా అంటుకొనదు. అందుకే నడిచే పిల్లల స్వెట్టర్లకు, ఖర్చు ఎక్కువైనా, ఉన్నియే కొనవలెనని నా పట్టు. పది ఆక్రిలిక్ స్వెట్టర్లకంటె మూడు ఉన్నివి ఇద్దాము. మనవైపు గొర్రెనుండి తీసుకొందామంటే కుదరదు. కోస్తా గొర్రెకు ఉండేది వెంట్రుకలే. గొంగళ్లు నేసే నల్ల ఉన్ని తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల దక్కనీ గొర్రెది, అది పసి ఒంటికి గరుకు.

అల్లినవాటిని పెట్టెలో దాచేటప్పుడు కలరా ఉండలు వేయవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ ఉండలలోని నాఫ్తలీను, జి-6-పి-డి అను ఎంజైము లోపమున్న శిశువుల రక్తకణములను పగులగొట్టి కామెర్లు తెప్పించగలదు. కొన్ని గిరిజన తెగలలో ఈ లోపము ఎక్కువగా కనబడుతుంది. ఎండిన వేపాకు వేసి, ఇచ్చేముందు ఉతికి ఎండలో ఆరవేసి ఇవ్వండి.

మన ఇండ్లకొరకైతే నూలు దారము తీసుకోండి. నలభై కుట్లు ఎక్కించి అన్నీ నిట్టు వరుసలు వేస్తే గిన్నెలు తుడిచే గుడ్డ. దానినే రెండు పొరలు చేస్తే పొయ్యిమీది గిన్నె దించే పట్టుగుడ్డ. ఇది నూలుతోనే చేయవలెను, ఆక్రిలిక్ అయితే వేడిగిన్నెకు కరిగిపోతుంది. పిల్లల నీళ్ల సీసాకు తొడుగు. తెల్లవారుజామున పాలు పోసేవారికి, రాత్రి కావలివారికి మఫ్లరు. అది మాత్రము ఊలుతో, ముప్పై ఆరు కుట్లు, 150 సెంటీమీటర్ల పొడవు, అన్నీ నిట్టు, టీవీ చూస్తూ అల్లవచ్చు. ఒకప్పుడు ప్రతి ఇంట టీవీమీద లేసు కవరు ఉండేది. ఇప్పుడు టీవీలు పలుచబడి గోడకెక్కినవి, కవరు వేయడానికి చోటే లేదు. ఎవరూ వాడని వస్తువు అల్లవద్దు అనుటకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పవలెనని వచ్చిన మాట. కోతపండుగకు అల్లికలు చేసి, చవకగా ముప్పైకో నలభైకో అమ్మి సంఘ నిధికి ఇద్దామని మీలో కొందరు అన్నారు. నాకు అది సమ్మతము కాదు. కారణము చెబుతాను.

నర్సీపట్నము, నరసాపురము పేర్లు దగ్గరగా ఉండి ఉత్తరములు తారుమారయ్యేవట. ఆ నరసాపురము లేసు మీకు తెలుసు. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ దొరసానులు క్రైస్తవ స్త్రీలకు, కరవులో ఆదరువుగా, కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పినారు. ఆ పని గోదావరి పల్లెలన్నిటికి ప్రాకి, విదేశములకు ఎగుమతి అయి, కోట్ల వ్యాపారమైనది. 2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. సంతోషమే. కాని అల్లిన చేతులకు ఏమి దక్కినది? జర్మనీనుండి వచ్చి 1970లలో ఆ పల్లెలలో తిరిగి చూచిన మరియా మీస్ అను పండితురాలు 1982లో ఒక పుస్తకము వ్రాసినారు. ఆమె చూపినది ఇది: స్త్రీలు రోజులో ఎన్నో గంటలు అల్లుతున్నా, దానిని పని అని ఎవరూ అనలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చొని చేసే కాలక్షేపము అన్నారు. కాలక్షేపమునకు కూలి ఎవరిస్తారు?

నేను పుస్తకము చదువకముందే ఇది చూచినాను. మా ఊరు పాలకొల్లు దగ్గర పల్లె. మా అమ్మ వంట అయినతరువాత గుమ్మములో కూర్చొని దీపాలు పెట్టేవరకు లేసు అల్లేది. ఏజెంటు దారము తూచి ఇచ్చేవాడు, లేసు తూచి పుచ్చుకొనేవాడు, కండె లెక్కన డబ్బు. ఒకసారి లేసు మాసినదని సగము పట్టుకొన్నాడు. మా అమ్మ వాదించలేదు. "ఊరికే కూర్చొనేదానికంటే నయము గదా" అన్నది. ఆమె ఒక్క పూటైనా ఊరికే కూర్చొనగా నేను చూడలేదు.

కాబట్టి లెక్క వేద్దాము. ఈ టోపీ అలవాటైన చేతికి సుమారు ఆరు గంటల పని. 2024-25లో మన రాష్ట్రములో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. ఎనిమిది గంటల రోజు అనుకొంటే ఆరు గంటలకు 225. ఊలు ఖర్చు దానిపైన. ఆ టోపీని నలభైకి అమ్మితే మనము దానము చేసినట్టూ కాదు, వ్యాపారము చేసినట్టూ కాదు. దాని ఫలితము ఏమంటే, ఈ వీధిలోనే అల్లి బ్రతుకవలెనని చూచే విధవరాలు రేపు 250 అడిగితే, "చర్చి అమ్మగార్లు నలభైకే ఇచ్చినారే" అంటారు. మన భక్తి ఆమె కూలిని తగ్గించినట్లవుతుంది. చలికాలములో మన పట్టణములకు టిబెట్టువారు తెచ్చే స్వెట్టర్లు చాలవరకు లూథియానా యంత్రములమీద అల్లినవి. వాటితో వెలలో పోటీ పడలేము, పడవద్దు.

నా సలహా రెండే మార్గములు. బిడ్డకు ఇచ్చేది పూర్తిగా ఉచితముగా ఇవ్వండి, దానిమీద సంఘము పేరు కూడా కుట్టవద్దు. అమ్మేది పూర్తి వెలకు అమ్మండి: గంటలు వ్రాసిపెట్టి, చీటీమీద ఊలు ఇంత, చేతిపని ఇంత అని విడివిడిగా చూపించి. అట్టివి ఏవంటే, యంత్రము సరిగా చేయలేనివి: కొలతకు అల్లిన స్వెట్టరు, లేసు అంచు వేసిన శాలువ, చేతి లేసు బల్లగుడ్డ. కొనేవారు తక్కువ ఉంటారు. ఉండనివ్వండి. కోతపండుగ వేలములో ఒకరు టోపీకి వెయ్యి పాడితే అది వారి కానుక, దానిని వెల అనుకొనవద్దు. ఇరువైపుల కాని మధ్యమార్గము నరసాపురమును ఏమి చేసినదో చూచినాము.

శనివారము మధ్యాహ్నము మూడింటికి మొదలుపెడదాము. ఒక్కొక్కరు 8వ నెంబరు సూదుల జత, యాభై గ్రాముల ఊలు ఉండ, ఒక టేపు, పెద్ద కన్ను సూది, మీ లేసు సూది తెచ్చుకోండి. మొదటివారము నమూనా ముక్క మాత్రమే. ముదురు రంగులు తెండి. లేతరంగుమీద పొగ మరక త్వరగా కనబడుతుంది, కొండమీద సబ్బు, వేడినీళ్లు మన ఇంటిలో ఉన్నంత సులభము కాదు. నలుపు మాత్రము వద్దు, దీపము వెలుగులో కుట్లు కనబడవు. కళ్లజోడు ఉన్నవారు అది మరచిపోవద్దు. మగవారికి కూడ కుర్చీలు వేస్తాము. చింతపల్లి వైపు ఆసుపత్రి సిస్టరుగారితో మాట్లాడినాను. నవంబరు నెలాఖరులోగా టోపీలు చేరితే చాలునని, పెద్దవి ముప్పైయైనా చిన్నవి ఇరవైయైనా ముందు కావలెనని ఆమె చెప్పినారు.